నాసా వరల్డ్‌వ్యూ: దక్షిణ ధ్రువ సముద్రంలో ఇనుము జాడలు చూపే పటం

ఉపగ్రహాలు రోజూ తీసే భూమి చిత్రాలను నాసా సంస్థ వరల్డ్‌వ్యూ అనే వెబ్‌సైటులో అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచుతోంది. ఖాతా తెరవనక్కర లేదు, రుసుము లేదు. ఫోనులో కూడా తెరుచుకుంటుంది గానీ కంప్యూటరు తెర మీదే దాని విలువ తెలుస్తుంది. తుపాన్లనూ కార్చిచ్చులనూ గమనించడానికి దీన్ని చాలామంది వాడుతుంటారు. నేను మాత్రం ఒక్క పనికి ఇది ఎంతవరకు ఉపయోగపడుతుందో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను. అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రంలో ఇనుము అందిన చోటే వృక్షప్లవకాలు, అంటే నీటిలో తేలుతూ బతికే సూక్ష్మమైన మొక్కల వంటి జీవులు, దట్టంగా పెరుగుతాయన్న విషయాన్ని హైస్కూలు పిల్లలకు చూపించడమే ఆ పని. ఒడిశా కొరాపుట్ జిల్లాలోని జయపురంలో తెలుగు కుటుంబాల పిల్లలకు సైన్సు చెప్పే నాకు, ఈ పాఠానికి ఇంతకంటే మంచి సాధనం ఇంతవరకు దొరకలేదు.

కొరాపుట్ జిల్లాలో పెరిగే పిల్లలకు ఇనుముకు కరువేమిటన్న సందేహం రావడం సహజం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా గనుల ఇనుప ఖనిజం కిరండూల్ నుంచి జగదల్‌పూర్, జయపురం, కొరాపుట్, అరకు దారిలో విశాఖ వైపు గూడ్సు బండ్ల నిండా వెళ్లడం వాళ్లు పుట్టినప్పటి నుంచీ చూస్తూనే ఉన్నారు. దక్షిణ మహాసముద్రంలో మాత్రం పైపొర నీటిలో కరిగి ఉన్న ఇనుము చాలా చోట్ల లీటరుకు పది నానోగ్రాముల మేరకే ఉంటుంది, అంటే గ్రాములో పది కోట్లవ వంతు. ఆక్సిజన్ నిండుగా ఉన్న సముద్రపు నీటిలో ఇనుము ఎక్కువసేపు కరిగి ఉండలేదు. తుప్పుగా మారి, రేణువులకు అంటుకుని, అడుగుకు దిగిపోతుంది. కొన్ని సేంద్రియ అణువులు పట్టి ఉంచిన కొద్దిపాటి ఇనుమే పైన మిగులుతుంది. అదే నీటిలో నైట్రేటు, ఫాస్ఫేటు మాత్రం లోతుల నుంచి పైకి వచ్చి పుష్కలంగా ఉంటాయి. యూరియా ఎంత చల్లినా జింకు లోపం ఉన్న మడిలో వరి గిడసబారిపోవడం మన రైతులకు తెలిసిందే; అక్కడ వృక్షప్లవకాల పరిస్థితి కూడా అంతే. కిరణజన్య సంయోగక్రియలో ఎలక్ట్రాన్లను అందిపుచ్చుకునే ప్రొటీన్లకు ఇనుము కావాలి, నైట్రేటును వాడుకునే ఎంజైములకు కూడా ఇనుమే కావాలి. నౌకల తుప్పుతో కల్తీ కాని నీటి నమూనాలను జాగ్రత్తగా సేకరించి, 1980 దశకం చివర్లో ఈ సంగతిని బలంగా నిలబెట్టినవాడు అమెరికా శాస్త్రవేత్త జాన్ మార్టిన్.

ఇక పటం విషయానికి వద్దాం. లేయర్ల, అంటే పటం మీద పరిచే సమాచార పొరల, జాబితాలో వృక్షప్లవకాల్లోని పచ్చని పదార్థమైన క్లోరోఫిల్‌ను ఎంచుకుని, తేదీని డిసెంబరుకో జనవరికో మార్చి, కొరాపుట్ నుంచి నేరుగా దక్షిణానికి పటాన్ని జరుపుతూ పోవాలి. తుని పరిసరాల్లో తీరం దాటి, శ్రీలంకను పడమర పక్కన వదిలేస్తే, అంటార్కిటికా వరకు ఎక్కడా నేల తగలదు. దారిలో దాదాపు 49 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర ఆగి కాస్త పడమరకు చూస్తే, 70 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద కెర్గ్యులెన్ దీవులు కనిపిస్తాయి. రంగుల మీద బాణం గుర్తు ఉంచితే, ఘనపు మీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాముల క్లోరోఫిల్ ఉందో పక్కనున్న సూచికలో తెలుస్తుంది. దీవులకు పడమర వైపు ఆ అంకె సాధారణంగా సున్నా పాయింటు ఒకటి, రెండు దగ్గరే కదలాడుతుంది. దీవుల ఆగ్నేయంగా హెర్డ్ దీవి వైపు జరిగే కొద్దీ అది పెరిగి, మంచి రోజుల్లో ఒకటి దాటుతుంది. రంగు నీలం నుంచి ఆకుపచ్చకు, పసుపుకు మారుతుంది. ఈ హద్దును పిల్లలు తమ చేతులతో వెదికి పట్టుకోవడమే ఈ వెబ్‌సైటు ఇచ్చే అసలైన మేలని నా అభిప్రాయం.

ఆ హద్దుకు కారణం సముద్రపు అడుగున ఉంది. చుట్టుపక్కల లోతు వేల మీటర్లు ఉండగా, కెర్గ్యులెన్ దగ్గర అడుగుభాగం విశాలమైన పీఠభూమిలా లేచి, చాలా చోట్ల కొన్ని వందల మీటర్ల లోతులోనే ఉంటుంది. పడమటి నుంచి తూర్పుకు సాగే ప్రవాహం ఆ పీఠభూమి మీదుగా పోతున్నప్పుడు అక్కడి మట్టిలోని ఇనుము నీటిలో కలుస్తుంది. అలలూ పోటుపాట్లూ నీటిని కలియబెట్టడంతో అందులో కొంత పైకి చేరుతుంది. 2005లో ఫ్రెంచి శాస్త్రవేత్తల బృందం కియోప్స్ యాత్రలో అక్కడికి వెళ్లి, ఏటా వేసవిలో కనిపించే ఆ పచ్చదనానికి లోతుల నుంచి వచ్చే ఇనుమే ఆధారమని కొలిచి చూపింది.

అంటార్కిటికా పటానికి మారితే మరో మంచి ఉదాహరణ ఉంది. 69 డిగ్రీల దక్షిణాన, 76 డిగ్రీల తూర్పున, 2012లో మొదలైన మన దేశపు భారతి పరిశోధనా కేంద్రం ప్రిడ్జ్ అఖాతం ఒడ్డున ఉంది. ఆ అఖాతంలోకి చొచ్చుకువచ్చిన అమెరీ మంచు పలక అడుగున సముద్రపు నీరు గడ్డకట్టి ఏర్పడిన మంచు ఉంటుంది. దానిలో చిక్కుకున్న ఇనుము, మంచు కరిగినప్పుడు అఖాతం నీటికి అందుతుంది. 2019 సెప్టెంబరు నెలాఖరులో ఆ పలక నుంచి 1,600 చదరపు కిలోమీటర్లకు మించిన మంచుకొండ ఒకటి విడిపోయింది. పోల్చి చూసే సదుపాయంలో ఒక పక్క సెప్టెంబరు మొదటి వారాల చిత్రాన్ని, మరో పక్క అక్టోబరు చిత్రాన్ని పెట్టి మధ్యగీతను జరిపితే, మేఘాలు అడ్డురాని రోజు దొరికినప్పుడు, ఆ మంచుకొండ విడిపోవడం స్పష్టంగా తెలుస్తుంది. మంచుకొండలుగా విడిపోకముందు నేల మీద రాసుకుంటూ వచ్చినప్పుడు మంచు పట్టుకొచ్చిన రాతిపొడిలో ఇనుము ఉంటుంది కాబట్టి, పెద్ద మంచుకొండలు పోయిన దారిలో కూడా వందల కిలోమీటర్ల మేర క్లోరోఫిల్ పెరగడం ఉపగ్రహాలు గుర్తించాయి. గాలి కూడా ఇనుము మోస్తుంది. 2019 చివర్లో, 2020 మొదట్లో ఆస్ట్రేలియా అడవులు తగలబడినప్పుడు పొగతోపాటు ఎగిరిన ఇనుము దక్షిణ మహాసముద్రంలో, ఆ దేశానికి వేల కిలోమీటర్ల తూర్పున కూడా, వృక్షప్లవకాల పెరుగుదలకు దారితీసింది. పొగను మామూలు రంగు చిత్రంలోనూ, తరువాతి పచ్చదనాన్ని క్లోరోఫిల్ లేయర్‌లోనూ చూపవచ్చు.

అయితే ఈ పటం ఇనుమును నేరుగా చూపదన్న సంగతిని ఉపాధ్యాయులు మొదటే గట్టిగా చెప్పాలి. అది చూపేది క్లోరోఫిల్‌ను మాత్రమే. ఇనుము అన్నది మనం కారణాలు వెదికి చేరుకునే నిర్ణయం. ఈ తేడా స్పష్టం చేయకపోతే పిల్లలు పచ్చగా ఉన్న ప్రతి చోటా ఇనుమే కారణమని తేల్చేస్తారు. ఆర్కిటిక్ సముద్రంలో నదులు, తక్కువ లోతున్న తీరప్రాంతాలు ఇనుము బాగానే అందిస్తాయి. అక్కడ వేసవిలో పెరుగుదలకు అడ్డుపడేది చాలా చోట్ల నైట్రేటు కొరతే. రొయ్యల వంటి క్రిల్ జీవులను తిన్న తిమింగలాల మలంలో సముద్రపు నీటికంటే దాదాపు కోటి రెట్లు ఎక్కువగా ఇనుము ఉంటుందని కొలతలు చెబుతున్నాయి. తిమింగలాల ద్వారా ఇనుము ఇలా తిరిగి నీటికి చేరడం ఏ లేయర్‌లోనూ కనిపించదు.

పచ్చదనం పెరిగినంత మాత్రాన వృక్షప్లవకాలు పీల్చుకునే గాలిలోని కార్బన్ సముద్రపు అడుక్కు చేరినట్టు కాదన్నది కూడా పటం చెప్పని విషయమే. దీనికి మన దేశం పాల్గొన్న లోహాఫెక్స్ ప్రయోగాన్ని మించిన ఉదాహరణ లేదు. 2009లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీ శాస్త్రవేత్తలు కలిసి పోలార్‌స్టెర్న్ నౌకలో దక్షిణ అట్లాంటిక్‌కు వెళ్లి, దాదాపు 300 చదరపు కిలోమీటర్ల నీటిలో రెండు విడతలుగా ఐరన్ సల్ఫేటు కలిపారు. వృక్షప్లవకాలు మొదటి రెండు వారాల్లో రెట్టింపయ్యాయి. కానీ ఆ నీటిలో సిలికా తక్కువ కావడంతో గాజు వంటి పెంకు కట్టుకునే డయాటమ్‌లు పెరగలేదు, పెరిగిన చిన్న జాతులను కోపిపాడ్లనే సూక్ష్మ జంతువులు మేసేశాయి, లోతుకు దిగిన కార్బన్ చాలా స్వల్పం. సముద్రంలో ఇనుము చల్లితే వాతావరణం చల్లబడుతుందని ఎవరైనా తేలికగా చెప్పినప్పుడు, ఈ ఫలితాన్ని పిల్లలు గుర్తుచేసుకోవాలని నా కోరిక.

సాధనం పరిమితులు మరికొన్ని ఉన్నాయి. దక్షిణ మహాసముద్రాన్ని మేఘాలు కమ్మి ఉంచడం వల్ల ఒక్క రోజు క్లోరోఫిల్ చిత్రంలో ఖాళీలే ఎక్కువగా ఉంటాయి. తేదీని అటూ ఇటూ జరుపుతూ ఓపికగా వెదకాలి. ఉపగ్రహం చూడగలిగేది పైపొరను మాత్రమే, పైగా ఈ సముద్రంలో సాధారణ లెక్కింపు పద్ధతి క్లోరోఫిల్‌ను అసలు కంటే తక్కువగా చూపుతుందని నౌకల కొలతలతో పోల్చినప్పుడు తేలింది. 2024 ఫిబ్రవరిలో ప్రయోగించిన పేస్ ఉపగ్రహం మరెన్నో రంగుల్లో సముద్రాన్ని చూస్తుంది కాబట్టి, ఏ జాతి వృక్షప్లవకాలు ఉన్నాయో విడదీసే వీలు మెరుగవుతోంది. భాష మరో ఇబ్బంది. వెబ్‌సైటు అంతా ఇంగ్లీషులోనే ఉంది. తెలుగు, ఒడియా మాధ్యమాల పిల్లలకు లేయర్ల పేర్లు ముందే రాసి ఇవ్వాలి.

మా ప్రాంతంలో నెట్‌వర్క్ నిలకడగా ఉండదు కాబట్టి, కావలసిన తేదీల చిత్రాలను కెమెరా గుర్తు నొక్కి ముందే దించుకోవడం మంచిది. జూన్, జూలైలో పాఠం చెప్పేవారు ఆ నెలల చిత్రాలతో మొదలుపెట్టకూడదు. అప్పుడు అక్కడ శీతకాలం, సూర్యుడు సరిగా ఉండడు. అంతకు ముందటి జనవరి చిత్రం తీసుకుని, కెర్గ్యులెన్‌కు పడమటి వైపు నుంచి తూర్పుకు బాణం గుర్తును జరుపుతూ, అంకె ఎక్కడ మారుతుందో పిల్లల చేత నోటుపుస్తకంలో రాయించాలి.