లంక పొలానికి మట్టి పరీక్ష: రిపోర్టు బాగుంది, సలహానే తేలిపోయింది

మాది కోనసీమలో గోదావరి లంక పొలం, అంటే నది మధ్య ఒండ్రు మేట వేసిన దిబ్బ మీది పొలం, అరటి, కంద వేస్తాం. ఒక ప్రైవేటు ల్యాబ్‌లో మట్టి పరీక్ష చేయించాం, పేరెందుకులెండి. నమూనా తీసిన తీరు మాత్రం మెచ్చుకోవాలి. కుర్రాడు పొలానికే వచ్చి, గట్ల పక్కన, పెంట పోసిన చోట వదిలేసి, మిగతా పొలమంతా తిరుగుతూ వి ఆకారంలో గుంటలు తీసి, 15 సెంటీమీటర్ల లోతు దాకా మట్టి గీకి, అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలోకి తెచ్చాడు. ఉదజని సూచిక (pH) నుంచి జింకు, బోరాన్ దాకా 12 అంశాలూ రిపోర్టులో ఉన్నాయి.

చిక్కంతా సలహా దగ్గరే. లంక మట్టి పసి నేల, ఎంటిసాల్స్ అంటారు. వరద పోసిన ఒండ్రు, ఇసుక వరసలు కనిపిస్తాయే గానీ నేల తనంతట తాను పొరలు కట్టేంత టైమ్ గోదావరి ఇవ్వదు కదా! పైన ఒక అడుగు మందాన ఒండ్రు, దాని కింద ఒట్టి ఇసుక ఉన్నచోట నీళ్లతో పాటు యూరియా కూడా కిందికి జారిపోతుంది, కాబట్టి కొంచెం కొంచెంగా ఎక్కువ దఫాల్లో వేయాలి. వీళ్లేమో నల్లరేగడికి ఇచ్చే చార్టే మాకూ అంటగట్టారు. మీటరు లోతు గుంట తీసి చూడండి అన్నా, ప్యాకేజీలో లేదన్నారు.

ఇంకోటి, 2022 జులై లాంటి వరదొచ్చి ఇసుక మేట వేస్తే పాత రిపోర్టు చెల్లదు, మళ్లీ చేయించాల్సిందే. ఆ ముక్క కూడా ఎవరూ చెప్పలేదు.

నమూనాకు ఐదు స్టార్లు, సలహాకు రెండు. పరీక్ష మళ్లీ వీళ్ల దగ్గరే, ఎరువుల డోసు మాత్రం వ్యవసాయాధికారిని అడిగే వేస్తాను.