తోట యజమానులకు చెట్లకోత శిక్షణ: భీమిలి దగ్గర రెండు రోజులు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ తరువాతి వారంలో, పద్మనాభం వైపు ఉన్న మా తోటలో పడిపోయిన చెట్లను తీయిస్తుండగా ఒక కూలీ కాలు విరిగింది. వేళ్ళతో సహా పెకలి ఒరిగిన టేకు మానును ఆయన మొదలుకు దగ్గరగా కోశాడు. కాండం బరువు తెగిపోగానే, మట్టి పట్టుకున్న వేరుముద్ద ఒక్క ఉదుటున లేచి తిరిగి గుంటలో కూర్చుంది; ఆ విసురుకు మొదలు వచ్చి ఆయన మోకాలి కింద తగిలింది. అలా జరుగుతుందని ఆయనకు తెలియదు, పని చేయించిన నాకూ తెలియదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ వదలలేదు. అందుకే నగరంలో మోటారు రంపాలు అమ్మే ఒక దుకాణం వారు తోటల యజమానులకు, కోత మేస్త్రీలకు కలిపి శిక్షణ ఇస్తున్నారని తెలియగానే, ఈ ఏడాది సరుగుడు కోతకు ముందు మా మేస్త్రిని వెంటబెట్టుకుని వెళ్ళాను. రుసుము మనిషికి 1,500 రూపాయలు. మధ్యాహ్న భోజనం వారిదే.

మొదటి రోజు ఒక్క చెట్టు కూడా కోయించలేదు. పూటంతా రంపం పళ్ళుండే గొలుసుకు పదును పెట్టించారు. మొదట విసుగనిపించిన మాట నిజమే గాని, ఈ శిక్షణలో నాకు ఎక్కువ పనికివచ్చింది అదే. చిన్న రంపాలకు వచ్చే సన్నని గొలుసుకు 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, ఒక మెట్టు పెద్ద గొలుసుకు 4.8 మిల్లీమీటర్లది వాడాలని, ప్రతి పన్నునూ ఒకే వాలులో, లెక్కపెట్టి ఒకే సంఖ్యలో రుద్దాలని చూపించారు. తరువాత రెండు రంపాలతో ఒకే దుంగను కోసి, కింద రాలిన పొట్టును మా అరచేతుల్లో పోశారు: పదునున్న దాని కింద పెళుసైన పెచ్చులు, మొద్దుబారిన దాని కింద పిండి. పిండి రాలుతున్నదంటే కోసేవాడు రంపాన్ని బలంగా నొక్కుతున్నాడని, అలా నొక్కేటప్పుడే బ్లేడు కొస పైభాగం దేనికైనా తగిలితే రంపం ముఖం మీదికి ఎగదన్నుతుందని వివరించారు. పదిహేనేళ్ళుగా ఈ పనిలో ఉన్న మా మేస్త్రి ఆ పొట్టును వేళ్ళతో నలుపుతూ, “ఇన్నాళ్ళూ అదృష్టం బాగుండి బతికాను బాబూ” అన్నాడు.

రెండవ రోజు అసలు కోత. చెట్టు పడవలసిన వైపు ముందుగా గాటు పెట్టాలి. దాని లోతు మాను అడ్డుకొలతలో అయిదో వంతు నుంచి నాలుగో వంతు వరకు ఉండాలి. వెనక కోత మొదలుపెట్టాక పూర్తిగా తెంపకుండా అడ్డుకొలతలో పదో వంతు మందాన ఒక పట్టీని వదిలేయాలి. 40 సెంటీమీటర్ల మానుకు అది 4 సెంటీమీటర్లు. ఆ పట్టీయే తలుపు కీలులాగా పనిచేసి చెట్టును చెప్పిన వైపుకు పడుకోబెడుతుంది. మనవాళ్ళు చాలామంది దానిని కూడా తెగ్గోసి, తాడు కట్టి లాగుతారు. పారిపోయే దారిని కోతకు ముందే శుభ్రం చేసుకోవాలని, అది చెట్టు పడే దిశకు వెనక ఏటవాలుగా ఉండాలని, చుట్టూ చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో ఎవరూ ఉండరాదని మా అందరిచేతా చేయించి చూపారు. సరుగుడు తోటల్లో రోజూ ఎదురయ్యేది, కోసిన చెట్టు పక్కచెట్టు కొమ్మల్లో చిక్కుకోవడం; అప్పుడు దాని కింద నిలబడడం, ఆసరాగా ఉన్న చెట్టును కోయడం ప్రాణాలకే ముప్పని గట్టిగా చెప్పారు.

కలప కొలత గురించి చెప్పింది అరగంటే అయినా, యజమానులు తప్పక వినవలసింది. చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే గుణించి, పొడవుతో హెచ్చవేయడం మన దగ్గర వ్యాపారుల పాత లెక్క. మధ్యలో 80 సెంటీమీటర్ల చుట్టుకొలత, 3 మీటర్ల పొడవు ఉన్న దుంగకు ఆ లెక్కన 0.12 ఘనపు మీటర్లు వస్తుంది. నిజానికి అందులో ఉన్న కలప సుమారు 0.153. రంపపుకోతలో పోయే తరుగును దృష్టిలో పెట్టుకుని పుట్టిన లెక్క కనుక దానిని మోసమనలేము. అయితే ధర మాట్లాడేటప్పుడే ఏ లెక్కన కొలుస్తారో అడగకపోతే నష్టపోయేది రైతే. కాగితపు మిల్లులకు టన్నుల లెక్కన అమ్మే సరుగుడుకు మరో చిక్కు ఉంది: కోసిన కర్ర గట్టున ఎండేకొద్దీ బరువు తగ్గిపోతుంది కనుక, లారీ ఖాయం కాకుండా కోత మొదలుపెట్టకూడదు.

లోపాలూ చెప్పాలి. సొంత భూమిలోని చెట్టునైనా కొట్టే ముందు అనుమతి తీసుకోవాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెబుతున్నది. టేకు వంటి కలపను తరలించడానికి అటవీశాఖ పర్మిట్ కావాలి. వచ్చినవారిలో సగం మందికి గట్ల మీద టేకు ఉన్నా, ఈ విషయాన్ని పది నిమిషాల్లో ముగించారు. నింపిన దరఖాస్తు నమూనా ఒక్కటి కూడా చూపలేదు. సాధన అంతా చదును నేల మీదే జరిగింది. పాడేరు, అరకు వైపు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ పెంచే వారికి వాలు మీది కోతే కావాలి. అన్నిటికంటే నన్ను బాధించింది మరొకటి: రంపం తగిలినా కాలు తెగకుండా కాపాడే ప్యాంటును చూపించి, దాని అవసరాన్ని గంటసేపు చెప్పి, తీరా అడిగితే సరుకు లేదన్నారు. మేస్త్రీ కొలతకు రెండు జతలు తెప్పించి పెడితే ఆ గంట సార్థకమయ్యేది.

అయినా తోట ఉండి కోత పని కూలికి ఇచ్చే ప్రతివారూ ఈ శిక్షణకు వెళ్ళాలని నా సలహా. ఒంటరిగా కాక, రంపం పట్టే మనిషిని తీసుకుని, ఆయన ఆ రెండు రోజుల కూలి కూడా మీరే ఇచ్చి వెళ్ళండి. మీ సొంత రంపాన్నే పట్టుకెళ్ళండి, పదును దాని మీదే నేర్పుతారు. పోయిన వారం మా తోటలో కోత మొదలైంది. మేస్త్రి మొదటి చెట్టు దగ్గరకు రాగానే రంపం కింద పెట్టి, కత్తితో వెనక దారిలోని తుప్పలు కొట్టి, కూలీలను దూరంగా పంపాక గాని తాడు లాగి ఇంజను ఆన్ చేయలేదు.