పిల్లలతో, పెద్దవాళ్లతో ఆర్వీలో అమెరికా పార్కులు: లేఅవుట్ ఎలా ఎంచుకోవాలి

వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే అమెరికాలోని తెలుగిళ్లలో ఆర్వీ, అంటే ఇల్లులా లోపలే ఉండి ప్రయాణించే బండి, మాట ఒకసారైనా వస్తుంది. ఎల్లోస్టోన్ లోపల గదులు దొరకడం కష్టం, దొరికినా ఆరుగురికి రెండు గదులు కావాలి, వారం రోజులు బయటి తిండి పెద్దవాళ్లకు పడదు. ఆర్వీ అయితే వంట, పడక, బాత్రూమ్ అన్నీ వెంటే ఉంటాయి. ఇంతవరకూ ఆలోచన సరైనదే. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, అద్దె సైటులో ‘ఏడుగురు పడుకోవచ్చు’ అన్న అంకె చూసి బుక్ చేసేయడంలో. అది రాత్రి లెక్క. పగలు బండి కదులుతున్నప్పుడు ఎవరు ఎక్కడ కూర్చుంటారో ఆ అంకె చెప్పదు. లేఅవుట్ బొమ్మ చూసేటప్పుడు ముందు బెల్టులున్న సీట్లు లెక్కపెట్టండి, పడకలు తర్వాత.

కుటుంబాలు ఎక్కువగా అద్దెకు తీసుకునేది క్లాస్ సి బండి. ఫోర్డ్ ఈ-350 లేదా ఈ-450 ఛాసిస్ మీద కట్టిన పెట్టె, డ్రైవర్ తల మీద అటకలాంటి పడక ఉండేది ఇదే. ముందు రెండు సీట్లు మామూలు వ్యాను సీట్లే, మూడు పాయింట్ల బెల్టు ఉంటుంది. వెనక డైనెట్, అంటే బల్లకు అటూ ఇటూ రెండు బెంచీలు. ఒక బెంచీ ముందుకు చూస్తుంది, ఇంకొకటి వెనక్కి. చాలా బండ్లలో ఈ బెంచీలకు నడుము బెల్టే ఉంటుంది, భుజం మీదుగా వచ్చే బెల్టు ఉండదు. చిక్కంతా ఇక్కడే.

బూస్టర్ సీటుకు, అంటే బండి బెల్టు సరిగ్గా పడేలా పిల్లను ఎత్తులో కూర్చోబెట్టే సీటుకు, భుజం బెల్టు తప్పనిసరి. నడుము బెల్టు ఒక్కదానితో బూస్టర్‌లో కూర్చున్న ఆరేడేళ్ల పిల్లకి గట్టి బ్రేకు పడితే బెల్టు పొట్టలోకి దిగుతుంది, తల బల్లకు కొట్టుకుంటుంది. కాబట్టి బూస్టర్ వయసు పిల్లలుంటే వెనక మూడు పాయింట్ల బెల్టు ఉన్న బండి వెతకండి. దొరక్కపోతే పిల్ల బరువుకు సరిపోయే ఐదు పాయింట్ల హార్నెస్ సీటు (భుజాలకు, నడుముకు, కాళ్ల మధ్య పట్టీలు సీటుకే ఉండేది) వెంట తీసుకెళ్లండి. ఇలాంటివి చాలావరకు 65 పౌండ్ల దాకా పనికొస్తాయి, నడుము బెల్టుతో బిగించుకోవచ్చు. సీటు మాన్యువల్‌లో నడుము బెల్టుతో బిగించే పద్ధతి ఉందో లేదో ముందే చూడండి. పిల్లల సీటు తగిలించడానికి కార్లలో ఉండే లాచ్ కొక్కేలు ఈ బండ్లలో చాలావరకు ఉండవు. అవి ఉండి తీరాలన్న నిబంధన ఇంత బరువు బండికి వర్తించదు. పిల్లల సీటు పైభాగం ముందుకు ఊగకుండా ఆపే పై పట్టీ తగిలించే కొక్కెం ఉందా అని అద్దెకిచ్చేవాళ్లను ఫోటోతో సహా అడగండి.

కారు సీటు ముందుకు చూసే బెంచీ మీదే పెట్టాలి. వెనక్కి చూసే బెంచీ మీద ఏ కారు సీటూ పెట్టకూడదు, గోడవార పక్కకు చూసే సోఫా మీద అసలే వద్దు. ఏడాది లోపు పాపాయి ఉంటే ఇంకో చిక్కుంది. డైనెట్ బెంచీ లోతు తక్కువ కాబట్టి వెనక్కి తిరిగి ఉండే సీటు అంచు దాటి వేలాడుతుంది, బల్లకు తగులుతుంది. బల్ల తీసి పడక మీద పెట్టి, సీటు ఆధారం మొత్తం బెంచీ మీద ఆనుతుందో లేదో చూశాకే బయల్దేరండి. బెంచీ మీది దిండు ఎత్తి కింద చూడటం కూడా మరవకండి: బెల్టు బోల్టు ఇనప ఫ్రేముకు బిగించి ఉండాలి. ప్లైవుడ్‌కు బిగించి ఉంటే ఆ సీట్లో ఎవర్నీ కూర్చోబెట్టకండి.

ఇద్దరు పిల్లలు, అమ్మానాన్న, తాతయ్య, నానమ్మ. ఈ ఆరుగురికి లెక్క ఇలా వస్తుంది: ముందు ఇద్దరు పెద్దవాళ్లు, ముందుకు చూసే బెంచీ మీద ఇద్దరు పిల్లలు, వెనక్కి చూసే బెంచీ మీద ఇద్దరు పెద్దవాళ్లు. నానమ్మకు వెనక్కి చూస్తూ ప్రయాణిస్తే కడుపులో తిప్పుతుందనుకుంటే ఆవిడే డ్రైవర్ పక్కన కూర్చోవాలి. మూడో పిల్లవాడు ఉన్నా, బూస్టర్ పిల్లలు ఇద్దరున్నా ఈ లేఅవుట్ చాలదు. అప్పుడు ఆర్వీ వెనకే ఇంకో కారు నడపడమే మేలు. పార్కులో తిరగడానికీ అదే పనికొస్తుంది.

ఇక పడకలు. 25 అడుగుల బండిలో వెనక మూల క్వీన్ బెడ్ ఉంటుంది. పేరుకు క్వీన్, చాలావాటిలో పొడవు 80 అంగుళాలకు బదులు 75. గోడవైపు పడుకున్నవాళ్లు రాత్రి లేవాలంటే పక్కవాళ్లను దాటాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అది పనికిరాదు. 28 నుంచి 31 అడుగుల బండ్లలో మూడు పక్కలా దారి ఉన్న పడక దొరుకుతుంది, పక్కనే బాత్రూమ్. తాతయ్య, నానమ్మలకు ఇదే ఇవ్వండి. రాత్రి రెండుసార్లు లేచేవాళ్లు పిల్లల పడకల మధ్య తడుముకుంటూ వెళ్లనక్కర్లేదు.

అటక పడక చూడగానే పిల్లలు మాదే అంటారు. ఆరేళ్లు నిండని పిల్లల్ని పై పడక మీద పడుకోబెట్టకూడదని అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ చెప్పే మాట, ఇక్కడా అదే పాటించాలి. పెద్ద పిల్లలకైనా పడకుండా ఆపే వల ఉండాలి. వల పట్టీలు సీలింగ్‌కు తగిలించే బకిల్స్ రెండు వైపులా పనిచేస్తున్నాయో చూడండి, ఒక్కటి విరిగినా వల వదులైపోతుంది. పైన ఎత్తు రెండడుగులకు అటూ ఇటూ, లేచి కూర్చోలేరు. వేడంతా పైకి చేరుతుంది, ఏసీ గాలి అక్కడికి సరిగా అందదు. బండి తీసుకునేటప్పుడు అటక ముందు మూలల్లో పరుపు ఎత్తి చెయ్యి పెట్టి చూడండి. క్లాస్ సి బండ్లలో వాన నీరు ముందు కారేది అక్కడే. చెక్క మెత్తగా తగిలితే వేరే బండి అడగండి.

డైనెట్ పడక గురించి కాస్త వివరంగా చెప్పాలి, వారం రోజుల సుఖదుఃఖాలు దాని మీదే ఆధారపడతాయి. రాత్రి బల్ల మీదున్నవన్నీ తీసి సింకులో పెట్టాలి. బల్ల కాలు మడిచి లేదా ఊడదీసి, పలకను బెంచీల అంచుల మీదున్న బద్దెలకు దించాలి. వీపు దిండ్లు తెచ్చి మధ్యలో పరవాలి. నాలుగు దిండ్ల మధ్య మూడు సందులు, ఒక్కోటి వీపుకు తెలుస్తుంది. రెండంగుళాల మందం ఫోమ్ పరిస్తే సర్దుకుంటుంది. కారు సీట్లు బిగించి ఉంటే అవి కూడా విప్పాలి, పొద్దున మళ్లీ బిగించాలి. రాత్రి పది నిమిషాలు, పొద్దున కారు సీట్లతో కలిపి అరగంట. పైగా ఆ పడక మీద ఎవరు పడుకుంటే వాళ్లు లేచేదాకా ఎవరికీ కూర్చుని కాఫీ తాగే చోటుండదు. అందుకే డైనెట్‌ను రోజూ పడకగా మార్చాల్సిన లేఅవుట్ నాకు నచ్చదు. నడవ పక్కన రెండు బంకులు, అంటే ఒకదాని మీద ఒకటి ఉండే పడకలు, విడిగా ఉన్న బండి దొరికితే అద్దె కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. పిల్లలు ఎనిమిదింటికే పడుకున్నా పెద్దవాళ్లు బల్ల దగ్గర కూర్చోవచ్చు.

ఆ బంకు బండ్లు పెద్ద అద్దె సంస్థల దగ్గర అరుదు. సొంతదారులు నేరుగా అద్దెకిచ్చే సైట్లలో ఎక్కువ. వాటికి స్లైడ్ అవుట్ ఉంటుంది, అంటే ఆగాక గోడ బయటికి జరిగి లోపల చోటు పెరుగుతుంది. లోపలికి లాగినప్పుడు బాత్రూమ్‌కు, ఫ్రిజ్‌కు దారి ఉంటుందా అని తప్పకుండా అడగండి. కొన్నిటిలో స్లైడ్ మూస్తే వెనక గదికి వెళ్లలేరు, రోడ్డు పక్కన ఆపి పిల్లను బాత్రూమ్‌కు తీసుకెళ్లాలన్నా స్లైడ్ తీయాల్సిందే. స్లైడ్ బరువు కూడా ఎక్కువ. తలుపు దగ్గర పసుపు స్టిక్కర్ మీద మనుషులూ సామానూ కలిపి ఎంత బరువు మించకూడదో రాసి ఉంటుంది. 40 గ్యాలన్ల నీటి ట్యాంకు నిండితేనే 330 పౌండ్ల పైమాట. ఆరుగురు మనుషులు, సూట్‌కేసులు, బియ్యం బస్తా కలిపి ఆ అంకె దాటకుండా చూసుకోవాలి.

పొడవు, ఎత్తు ఎంచుకునే ముందు వెళ్లే చోటు తేల్చుకోండి. గ్లేసియర్ పార్కులో గోయింగ్ టు ది సన్ రోడ్డు మీద, అవలాంచ్ క్యాంప్‌గ్రౌండ్ దాటాక పైభాగంలోకి 21 అడుగులు మించిన బండిని రానివ్వరు. పిల్లలతో తీసుకునే ఏ క్లాస్ సి అయినా దాదాపుగా ఆ హద్దు దాటుతుంది. ఆ రోడ్డు మీద తిప్పి చూపించే ఎర్ర బస్సు టూరు బుక్ చేసుకోవడం ఒక దారి. జయాన్ పార్కు నుంచి తూర్పు వైపు వెళ్లే రోడ్డులో 1930లో తెరిచిన సొరంగం ఉంది. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు గానీ 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు గానీ దాటిన బండ్లను ఇదివరకు 15 డాలర్లు తీసుకుని, ఎదురు ట్రాఫిక్ ఆపి పంపేవారు. 2026 జూన్ నుంచి వాటికి ఆ రోడ్డే లేకుండా చేసే నిబంధన తెచ్చారు. అటక ఉన్న క్లాస్ సి ఎత్తు 12 అడుగుల దరిదాపుల్లో ఉంటుంది. అందుకని జయాన్ నుంచి గ్రాండ్ క్యాన్యన్ వైపు వెళ్లేటప్పుడు హరికేన్ ఊరి నుంచి 59 నంబరు రోడ్డు మీదుగా ఫ్రెడోనియా చేరేలా దారి వేసుకోండి.

బస చేసే చోట్లలో, పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న కుటుంబానికి గ్రాండ్ క్యాన్యన్ దక్షిణపు అంచులోని ట్రెయిలర్ విలేజ్ సుఖం. నీరు, కరెంటు, మురుగు మూడు కనెక్షన్లూ ఉంటాయి, 50 అడుగుల బండీ పడుతుంది, ఉచిత షటిల్ బస్సు దగ్గర్లోనే. పక్కనే ఉన్న మాథర్ క్యాంప్‌గ్రౌండ్ చవక, చెట్ల నీడ ఎక్కువ, కానీ 30 అడుగుల దాకే, కనెక్షన్లు లేవు. ఎల్లోస్టోన్‌లో మూడు కనెక్షన్లూ ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. ఎలుగుబంట్ల వల్ల గట్టి గోడలున్న బండ్లకే అనుమతి, గుడ్డ గోడలతో విచ్చుకునే పడకలున్న బండ్లు కుదరవు. మాడిసన్ క్యాంప్‌గ్రౌండ్ ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌కు 16 మైళ్లే, పిల్లలతో తిరగడానికి అనువు, కానీ కరెంటు లేదు, జనరేటర్ ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకే. జూలైలోనూ అక్కడ రాత్రి చలి గట్టిగా ఉంటుంది. హీటర్ గ్యాస్‌తో మండినా దాని ఫ్యాన్ తిరిగేది బ్యాటరీ మీద. సాయంత్రం జనరేటర్ వేసి బ్యాటరీ నింపుకోకపోతే తెల్లవారుజామున హీటర్ ఆగిపోతుంది, పిల్లలు చలికి లేచి కూర్చుంటారు. జయాన్‌లోని వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌లో జనరేటరే వేయనివ్వరు. వేసవి ఎండకు అక్కడ ఏసీ కావాలి కాబట్టి కరెంటున్న ఎ, బి లూపుల్లోనే (క్యాంప్‌గ్రౌండ్ లోపలి భాగాలు) సైటు తీసుకోండి. మాథర్, వాచ్‌మన్ రెండిటికీ ఆరు నెలల ముందే బుకింగ్ తెరుస్తారు.

కరెంటు సైటు దొరికినా 30 ఆంపుల లెక్క గుర్తుంచుకోవాలి. 120 వోల్టుల మీద మొత్తం 3,600 వాట్లు. ఏసీకి 13 ఆంపులు, మైక్రోవేవ్‌కు 12, వెయ్యి వాట్ల ఇన్‌స్టంట్ పాట్‌కు 8. మూడూ కలిపి వేస్తే బ్రేకర్ పడుతుంది. అన్నం, పప్పు ఉడికేసరికి ఏసీ ఆపండి, లేదా గ్యాస్ పొయ్యి మీద మామూలు కుక్కర్ పెట్టండి. కుక్కర్ మాత్రం తప్పనిసరి. ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గర ఎత్తు 7,800 అడుగులు, నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, గిన్నెలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకుగానే ఉంటుంది. తాలింపు వేసేముందు పైకప్పు ఫ్యాన్ వేసి కిటికీ తీయండి, పొయ్యి నుంచి నాలుగడుగుల్లోనే పొగ అలారం ఉంటుంది.

నీళ్ల దగ్గర మన అలవాట్లు మార్చుకోవాలి. స్నానాలు, గిన్నెల నీళ్లు పోయే గ్రే ట్యాంకు 30 గ్యాలన్లకు అటూ ఇటూ. మనిషికి 5 గ్యాలన్ల చొప్పున ఆరుగురు స్నానం చేస్తే ఒక్కరోజులో నిండుతుంది. తడుపుకుని ఆపడం, సబ్బు రుద్దుకోవడం, మళ్లీ తెరవడం అలవాటు చేయండి. నూనె గిన్నెలు కాగితంతో తుడిచాకే కడగండి, లేదంటే రెండోరోజుకే సింకులోంచి వాసన కొడుతుంది. మరుగుదొడ్డిది బ్లాక్ ట్యాంకు. మగ్గుతో నీళ్లు వాడితే అది త్వరగా నిండుతుంది గానీ అడుగున గట్టిపడదు, ఆ అలవాటు నష్టమేమీ కాదు. మురుగు కనెక్షన్ ఉన్నచోట కూడా బ్లాక్ వాల్వ్ మూసే ఉంచాలి. తెరిచి వదిలేస్తే నీరు పోయి గట్టిది అడుగున కుప్పపడుతుంది, తర్వాత ఊడదు. ఖాళీ చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకుని, గొట్టం రెండు చివర్లూ బిగించి, ముందు బ్లాక్ వాల్వ్, అది ఖాళీ అయ్యాక గ్రే వాల్వ్ లాగాలి. సబ్బునీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి. తర్వాత రెండూ మూసి, మరుగుదొడ్డిలో రెండు గ్యాలన్ల నీళ్లు, ఒక కెమికల్ ప్యాకెట్ వేయండి.

బండి తీసుకునే రోజు గంటసేపు అక్కడే ఉండండి. కారు సీట్లు వాళ్ల ఆవరణలోనే బిగించండి, ఊగుతోందంటే అప్పుడే మార్చమనవచ్చు. నీళ్ల పంపు వేసి కొళాయిలన్నీ కట్టేసి వినండి, రెండు నిమిషాల్లో పంపు మళ్లీ గుర్రుమంటే ఎక్కడో కారుతోంది. వెనక ఇరుసు దాటి బాడీ ఎంత పొడుగుందో నడిచి చూడండి, మలుపులో ఆ తోక అవతలివైపు ఊగి పెట్రోలు బంకు స్తంభాలకు తగిలేది అందుకే. రుసుముల్లో మైళ్లు, జనరేటర్ గంటలు, దుప్పట్లు, వంట సామాను వేరువేరుగా రాయించుకోండి. గ్యాలన్‌కు 8 నుంచి 10 మైళ్లే వస్తుంది. వెనక్కి ఇచ్చేరోజు ట్యాంకులు ఖాళీ చేయడానికి, పెట్రోలు పోయించడానికి రెండు గంటలు పక్కన పెట్టుకుని విమానం టికెట్టు తీసుకోండి.