వరద నుంచి నగరాన్ని కాపాడేది ఏది: సొరంగమా, చెరువా, ముందస్తు హెచ్చరికా?

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు. ఆ తేమంతా ఒక్క పూటలో కురిస్తే, పాత లెక్కలతో కట్టిన డ్రైనేజీ ఏ మూలకూ చాలదు. దీనికి నగరాలు ముఖ్యంగా మూడు దారులు పట్టాయి: నీటిని అడ్డుకునే, మళ్లించే భారీ కట్టడాలు, నీటికి చోటు వదలడం, జనాన్ని ముందే హెచ్చరించి తరలించడం. మూడూ కావాల్సినవే. అయితే మూడింటికీ ఒకేసారి డబ్బు పెట్టగల నగరాలు చాలా తక్కువ కాబట్టి, ఏది ముందో తేల్చుకోక తప్పదు. నేను చూసేది ఒక్కటే: అంచనాలకు మించిన వాన పడిన రోజు ఆ ఏర్పాటు ఏమవుతుంది?

భారీ కట్టడాలు అనగానే టోక్యో శివార్లలోని భూగర్భ వరద కాలువ గుర్తొస్తుంది. 1990ల తొలినాళ్లలో మొదలైన పని 2006 దాకా సాగింది. నేలకు సుమారు 50 మీటర్ల లోతున, ఆరు కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వారు. చిన్న నదులు పొంగితే ఆ నీరు బావుల్లాంటి లోతైన షాఫ్టుల్లోకి దిగి, సొరంగం గుండా వెళ్తుంది. పంపులు దాన్ని సెకనుకు 200 ఘనపు మీటర్ల దాకా ఎడో నదిలోకి తోడేయగలవు. పనితనానికి వంక పెట్టలేం. ఇళ్లు కిక్కిరిసి గజం ఖాళీ లేని చోట ఇంతకంటే మంచి మార్గం దొరకడం కూడా కష్టమే.

ఖర్చు సంగతి సరే, అంతకంటే నన్ను కలవరపెట్టేది మరొకటి ఉంది. గట్టు కట్టగానే దాని వెనక భూమికి రేటు పెరుగుతుంది. ఇక భయం లేదన్న ధీమాతో జనం అక్కడే ఇళ్లు కట్టుకుంటారు. గట్టు తెగితే మునిగేది ఆ కొత్త ఇళ్లే. 2005లో కత్రినా తుపాను వచ్చినప్పుడు న్యూ ఆర్లియన్స్‌లో గట్లు, వరద గోడలు పలుచోట్ల తెగి, నగరంలో సుమారు 80 శాతం నీట మునిగింది. హద్దులో ఉన్నంతసేపు కాంక్రీటు బాగా కాపాడుతుంది. హద్దు దాటితే ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది.

నీటికి చోటు వదిలే పద్ధతిని నేర్చుకోవాలంటే డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌ను చూడాలి. 2011 జూలై 2న అక్కడ రెండు మూడు గంటల్లోనే సుమారు 150 మిల్లీమీటర్ల వాన పడింది. వందల కోట్ల క్రోనర్ల నష్టం జరిగింది. మరుసటి ఏడాది నగరం కుండపోత వానల కోసమే ఒక ప్లాన్ తయారు చేసుకుంది. ఎక్కడికక్కడ పైపులు పెద్దవి చేయడం కంటే, పార్కులు, వీధుల గుండా నీటిని మళ్లించి, అవసరమైన చోట మాత్రమే సొరంగాలు తవ్వితే చవకని లెక్క తేలింది. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 2013లో ప్రారంభమైన బెంథెమ్‌ప్లైన్ కూడలిలో ఎండ రోజుల్లో పిల్లలు బంతాట ఆడతారు, వాన రోజుల్లో అదే చోటు 17 లక్షల లీటర్ల దాకా నీటిని నిలుపుతుంది. వరద రాని రోజుల్లో కూడా జనానికి పనికొచ్చే ఏర్పాటు కాబట్టే దీనిమీద నాకు ఇంత మక్కువ.

అయినా దీనికీ హద్దుంది. నేల నానిపోయాక ఇంకదు. వాన నీటిని ఇంకించే ‘స్పాంజ్ సిటీ’ పనుల మీద బాగా ఖర్చు పెట్టిన చైనా నగరం ఝెంగ్‌ఝౌలో 2021 జూలై 20న ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్లు కురిసింది. మెట్రో సొరంగంలోకి నీరు చొచ్చుకొచ్చి 14 మంది చనిపోయారు. అంత వానను ఏ పార్కూ ఆపలేదు. కానీ వాతావరణ శాఖ అప్పటికే రెడ్ అలర్ట్‌లు ఇచ్చింది. అయినా రైళ్లు నడుస్తూనే ఉన్నాయి. రైళ్లు ముందే ఆపి ఉంటే ఆ ప్రాణాలు పోయేవి కావు.

అందుకే నేను ముందస్తు హెచ్చరికకే పెద్దపీట వేస్తాను. ఇక్కడ బంగ్లాదేశ్ అనుభవం చూడాలి. 1970 తుపానులో కనీసం 3 లక్షల మంది చనిపోయారు. ఆ తర్వాత వాలంటీర్లు మైకులు, జెండాలతో ఊరూరా తిరిగి చెప్పే ఏర్పాటు చేశారు, తుపాను షెల్టర్లు కట్టారు. 2020లో ఆంఫన్ వచ్చినప్పుడు 20 లక్షలకు పైగా జనాన్ని ముందే తరలించారు. ఆ దేశంలో మరణాలు పదుల సంఖ్యకే ఆగాయి. పైగా ఇదే యంత్రాంగం వడగాడ్పులకూ పనికొస్తుంది. 2010 మే నెల ఎండలకు 1,300కు పైగా అదనపు మరణాలు చూసిన అహ్మదాబాద్, 2013లో వేడి హెచ్చరికల ప్రణాళిక తెచ్చింది.

ఇందులో లోపం లేదనను. హెచ్చరిక మనిషిని కాపాడుతుంది కానీ ఇంటిని, కొట్టును కాపాడలేదు. అది చేరాల్సిన వాళ్లకు చేరకపోతే ప్రాణాలూ దక్కవు. 2021 జూలైలో జర్మనీలో వరద సూచనలు ముందే ఉన్నా, 180 మందికి పైగా చనిపోయారు. ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, కదల్లేని వృద్ధుల్ని ఎవరు తీసుకెళ్లాలి అన్నది ముందే తేల్చుకుని, ఏటా రిహార్సల్ చేయాలి.

డబ్బు తక్కువున్న నగరమైతే నేను చెప్పే వరస ఇది. హెచ్చరికల వ్యవస్థను వచ్చే వానాకాలానికే సిద్ధం చేయండి. దాంతోపాటే మిగిలిన చెరువులు, పల్లపు నేలల్లో కట్టడాలకు అనుమతులు ఆపండి. దానికి ఖర్చు తక్కువ, పట్టుదల ఎక్కువ కావాలి. పూడ్చి ఇళ్లు కట్టేసిన చెరువును మళ్లీ చెరువు చేయడం దాదాపు అసాధ్యం. సొరంగాలు ఆ తర్వాత, నీటికి వేరే దారి లేని పేటల్లో మాత్రమే.

సముద్ర మట్టానికి దిగువనున్న నగరాలకు ఈ వరస పనికిరాదు. అక్కడ ముందు అడ్డుగోడ ఉండాల్సిందే. నెదర్లాండ్స్ 1997లో రోటర్‌డామ్ దగ్గర ఒక్కోటి 210 మీటర్ల పొడవున్న రెండు భారీ గేట్లు పెట్టింది అందుకే. కానీ ఆ దేశమే 1995లో నదులు పొంగి సుమారు రెండున్నర లక్షల మందిని తరలించాల్సి వచ్చాక, నదుల వెంట గట్లను వెనక్కి జరపడానికి సిద్ధపడింది. నైమేఖన్ నగరం దగ్గర గట్టును 350 మీటర్లు వెనక్కి జరిపి, వాల్ నదికి కొత్త పాయ తవ్వారు. అందుకోసం సుమారు 50 కుటుంబాలు ఇళ్లు వదులుకోవాల్సి వచ్చింది. ఇలాంటి పని తలపెట్టే ఏ నగరమైనా, ఆ కుటుంబాలకు ఎక్కడ ఏమిస్తారో పనులు మొదలయ్యే ముందే కాగితం మీద పెట్టాలి.