లివర్‌లో మచ్చలకు ఏది మేలు: అల్లం వెసికిల్సా, మందులా?

లివర్ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ రిపోర్టులో ఎఫ్2, ఎఫ్3 (మచ్చ మధ్యస్థంగా, ఎక్కువగా ఉన్న దశలు) అని చూసి టెన్షన్ పడుతున్నవాళ్లు పదేపదే అడుగుతున్న ప్రశ్న: "అల్లం ఎక్సోసోమ్‌లు లివర్‌ను బాగుచేస్తాయట కదండీ, మందుల బదులు అవి వాడొచ్చా?"

ఎక్సోసోమ్‌లు, వెసికిల్స్ అంటే కణాల నుంచి వచ్చే, కంటికి కనపడని చిన్న సంచులు. అల్లం మీద ఆశ ఊరికే పుట్టలేదు. 2015లో అమెరికాలోని లూయిస్‌విల్ యూనివర్సిటీ బృందం అల్లం నుంచి తీసిన వెసికిల్స్‌ను ఎలుకలకు పట్టిస్తే, మద్యం వల్ల లివర్‌కు తగిలే దెబ్బ తగ్గింది. వాటిలోని షోగాల్ అనే అల్లం ఘాటు పదార్థం లివర్ కణాల్లో ఎన్ఆర్ఎఫ్2 అనే రక్షణ ఏర్పాటును మేల్కొలిపింది. మనం ఇంట్లో పిండుకునే రసంతో దీనికి పోలిక లేదు. రసంలోని పీచూ పిప్పీ తీసేసి, చక్కెర ద్రావణం పొరల మీద పోసి అతివేగంగా తిప్పితే, పొరల మధ్య సన్నని పట్టీలా తేలి నిలిచేదే వాళ్లు వాడిన సరుకు.

నాకు మాత్రం ఒక్క విషయం దగ్గరే తేలిపోతుంది. ఆ ప్రయోగం చూసింది లివర్‌కు దెబ్బ తగలకుండా కాపాడటం. రిపోర్టు చేతిలో ఉన్న మనిషికి కావలసింది ఇప్పటికే పడిన మచ్చ తగ్గడం. మచ్చ అంటే లివర్‌లోని స్టెల్లేట్ అనే కణాలు ఏళ్ల తరబడి పోగేసిన కొల్లాజెన్ అనే పీచు ప్రొటీన్. అది మనుషుల్లో తగ్గినట్టు బయాప్సీతో (లివర్ ముక్క తీసి చేసే పరీక్షతో) చూపించినవి మందులూ, బరువు తగ్గడమూ. హెపటైటిస్ బి వైరస్‌ను అణిచే మందు టెనోఫోవిర్ మీద 2013లో వచ్చిన అధ్యయనమే చూడండి. హెపటైటిస్ బి ఉన్న 348 మందికి ఐదేళ్ల తర్వాత మళ్లీ బయాప్సీ చేస్తే 51 శాతం మందిలో ఫైబ్రోసిస్ (అంటే ఈ మచ్చే) వెనక్కి తగ్గింది. మొదట్లో సిర్రోసిస్ (మచ్చ బాగా ముదిరిన దశ) ఉన్న 96 మందిలో 71 మందికి అది లేకుండా పోయింది! వైరస్‌ను అణచిపెడితే చాలు, మచ్చను లివరే సర్దుకుంది.

ఫ్యాటీ లివర్‌లో ఫలితం ఇంత గొప్పగా లేదు. 2024లో అమెరికాలో అనుమతి పొందిన రెస్మెటిరోమ్ అనే మందుతో ఏడాదిలో మచ్చ ఒక దశైనా మెరుగైనవాళ్లు డోసును బట్టి 24 నుంచి 26 శాతం, ఉత్తుత్తి మాత్రతో 14 శాతం. పది శాతం బరువు తగ్గడం ఇప్పటికీ దీనికి గట్టి పోటీయే.

స్టెమ్‌సెల్ వెసికిల్స్ సంగతీ అడుగుతున్నారు. వాటి కోసం ల్యాబ్‌లో మూలకణాలను పెంచాలి, ఖర్చెక్కువ. వెసికిల్స్‌లోనే ఎంచుకోమంటే నేను మొక్కల వైపే ఉంటాను: సరుకు కిలోలకొద్దీ దొరుకుతుంది, నోటితో తీసుకోవచ్చు, పేగు నుంచి వచ్చే రక్తం నేరుగా లివర్‌కే చేరుతుంది. ప్రతి బ్యాచ్ ఒకేలా ఉండేట్టు చూసి, మచ్చ ఉన్న మనుషుల్లో పరీక్షించాలి. ఆ పని జరగాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఈలోగా ఎక్సోసోమ్ పేరున్న సప్లిమెంట్ కొనుక్కుని టెనోఫోవిర్ మానేయకండి. సొంతంగా ఆపేస్తే వైరస్ మళ్లీ విజృంభించి లివర్ ఫెయిల్యూర్ దాకా పోవచ్చు.