వరిగడ్డి ఆమ్లశుద్ధికి ఒక లీటరు పీడన రియాక్టర్: ఏడాది వాడిన తరువాత

వరిగడ్డిని పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో వేడి చేస్తే పీచులో ఒక భాగమైన హెమిసెల్యులోజ్ కరిగి జైలోజ్ అనే చక్కెరగా విడిపోతుంది, మిగిలిన సెల్యులోజ్ దాన్ని చక్కెరగా మార్చే ఎంజైములకు అందుతుంది. ఇథనాల్ కిణ్వనానికి, అంటే ఈస్టుతో చక్కెరను పులియబెట్టడానికి ముందు జరగవలసిన ఈ పనికోసమే మా ప్రయోగశాల నిరుడు ఈ రియాక్టరును కొన్నది.

దీనిలో నాకు అన్నిటికన్నా నచ్చినది చల్లార్చే నీటి గొట్టపు చుట్ట. 1 శాతం ఆమ్లంతో 160 డిగ్రీల సెల్సియస్ వద్ద పది నిమిషాలు ఉంచి చన్నీళ్లు వదిలితే వేడి వెంటనే దిగిపోతుంది. ఆలస్యమైతే జైలోజ్ ఫర్‌ఫ్యూరాల్ అనే హానికర పదార్థంగా మారి, చక్కెర నష్టపోవడమే కాక, తరువాత వేసే ఈస్టు ఎదుగుదల కూడా దెబ్బతింటుంది కనుక ఈ సౌకర్యం విలువ చాలా ఎక్కువ. ఆవిరి పీడనంతో వేడిచేసే ఆటోక్లేవు తానంతట తాను చల్లారేవరకు నిస్సహాయంగా ఎదురుచూసిన రోజులు నాకింకా గుర్తున్నాయి.

అయితే పాత్ర 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలుది. పలుచని ఆమ్లానికి ఇది చాలునని అమ్మినవారు చెప్పిన మాట నమ్మడం మా పొరపాటు. వేడి సల్ఫ్యూరిక్ ఆమ్లానికి ఈ లోహం నిలవదు, ఎనిమిదో నెలకే లోపలి గోడపై గుంటలు పడ్డాయి. గాజు తొడుగు వేస్తే పాత్రకు రక్షణ దొరుకుతుంది గాని, వేడెక్కడం బాగా నెమ్మదిస్తుంది. గడ్డిలోని సిలికా రాపిడికి కాబోలు, కలియబెట్టే కడ్డీ సీలును రెండుసార్లు మార్చవలసి వచ్చింది.

కొనదలచినవారు ధర ఎక్కువైనా ఆమ్లాన్ని బాగా తట్టుకునే నికెల్ మిశ్రలోహం హాస్టెలాయ్ సి-276తో చేసిన పాత్రనే అడగండి.