పడవల యజమాని కట్టించిన మందిరంలో పాటల రాత్రి

'డౌన్ ఫ్రమ్ ది మౌంటెన్' అనే కచేరీ డాక్యుమెంటరీని నరసాపురంలో మా ఇంట్లో, ముసురు పట్టి రెండుసార్లు కరెంటు పోయిన రాత్రి చూశాను. అమెరికన్ దర్శకులు కోయెన్ సోదరుల 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' సినిమాకు పాడిన జానపద, బ్లూగ్రాస్ (తీగవాద్యాలతో సాగే పల్లె సంగీతం), గాస్పెల్ (క్రైస్తవ భక్తి గీతాలు), బ్లూస్ (నల్లవారి ఆవేదన గీతాలు) కళాకారులు 2000 మే 24న అమెరికాలో నాష్‌విల్‌లోని రైమన్ ఆడిటోరియంలో ఇచ్చిన కచేరీ ఇది; చిత్రీకరించినవారు డి.ఎ. పెన్నెబేకర్, క్రిస్ హెజిడస్, నిక్ డూబ్.

గోదావరి ఒడ్డున పెరిగిన నన్ను ముందుగా ఆకట్టుకున్నది ఆ వేదికకు నదితో ఉన్న చుట్టరికం. 1892లో ప్రార్థనా మందిరంగా పూర్తయిన ఆ కట్టడానికి పూనుకున్న టామ్ రైమన్ ఆవిరి పడవల వ్యాపారి. ఆ రాత్రి సభ నడిపిన జాన్ హార్ట్‌ఫర్డ్ ఫిడేలు, బాంజో (మీటి వాయించే తీగవాద్యం) వాయించడంతో పాటు ఆవిరి పడవ నడపడానికి లైసెన్సు ఉన్న మనిషి, అంటే మన లాంచీ సరంగు వంటివాడు. అప్పటికే క్యాన్సర్‌తో చిక్కిపోయిన ఆయన మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు.

మొదటి భాగమంతా రిహార్సళ్లు, తెరవెనుక కబుర్లు. కొన్ని ముచ్చటగానే ఉన్నా, కొంత కత్తిరిస్తే నష్టమేమీ ఉండేది కాదు.

ఈ డాక్యుమెంటరీ మొత్తానికి ప్రాణం రాల్ఫ్ స్టాన్లీ పాట. బాంజో విద్వాంసుడిగా పేరు మోసిన ఆ 73 ఏళ్ల వర్జీనియా కొండప్రాంతపు పెద్దాయన ఇక్కడ వాద్యం ముట్టకుండా, ఒంటరిగా నిలబడి, ఇంకొక ఏడాది గడువు ఇమ్మని మృత్యువును వేడుకునే పాట పాడతారు. గొంతులో తీపి లేదు, గమకాల ఆర్భాటం లేదు. అంత్యక్రియల వేళ జంగందేవర శంఖం ఊది అందుకునే తత్వంలోని జీర ఉంది. పక్క గదిలో పడుకున్న మా అమ్మ లేచి, "ఎవరు పోయార్రా?" అని అడిగింది.

1921లో నాష్‌విల్‌లోనే ఒక చర్చిలో మొదలైన నల్లవారి ఫెయిర్‌ఫీల్డ్ ఫోర్ బృందం కూడా వాద్యాలు లేకుండానే పాడుతుంది. హార్మోనియం మూలపడిన ఆదివారం మన లంక గ్రామాల చర్చిల్లో పెద్దలు కీర్తన ఎత్తుకున్నట్టు, కింది స్థాయి గొంతే అక్కడ నేలలా పరుచుకుంటుంది. నా ఫిర్యాదు కూడా ఇక్కడే ఉంది. బాంజో బానిసలుగా వచ్చిన ఆఫ్రికన్ల చేతుల్లో పుట్టింది. మన తంబురాలాగే తొలినాళ్లలో అదీ ఎండిన బుర్రతో చేసినదే. అటువంటి సంగీతానికి పట్టం కట్టే సభలో నల్లవారి వంతు మరీ తక్కువగా కనిపించింది.

నేను చూసిన ప్రతిలో పాటలకు సబ్‌టైటిళ్లు లేవు. కొండప్రాంతపు ఉచ్చారణ మన చెవికి త్వరగా చిక్కదు కనుక, సాహిత్యం ముందుగా చదువుకుని కూర్చోవడం మంచిది.